సేవ్ నొక్కగానే కోడ్ సర్దుకోవాలి: వీఎస్ కోడ్‌లో బ్లాక్ ఫార్మాటర్‌ను అమర్చుకునే పద్ధతి

ఒక పాల సంఘానికి బిల్లులు వేసే ప్రోగ్రామ్‌ను మేము ముగ్గురం చూసుకుంటున్నాం. నేను నరసరావుపేటలో మా ఇంటి నుంచి, మా మరిది గుంటూరు నుంచి, మరో అమ్మాయి హనుమకొండ నుంచి పనిచేస్తాం. ఏ రైతు ఎన్ని లీటర్లు పోశాడు, ఫ్యాటు ఎంత, ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో కొవ్వు కాని ఘనపదార్థాలు) ఎంత అన్న లెక్క పూటపూటా సేకరణ కేంద్రాల నుంచి వస్తుంది. పదిహేను రోజులకోసారి అదంతా కూడి, రేటు కట్టి, రైతు చేతికి చీటీ ఇవ్వాలి. ప్రోగ్రామ్ మొత్తం పైథాన్‌లో ఉంది.

రెండేళ్ల కిందట రేటు కట్టే ఫైలులో ఒక మార్పు చూడమని ఆ అమ్మాయి నాకు పంపింది. తెర మీద 412 లైన్లు మారినట్టు కనిపించాయి. ఇదేమిటని ఫోను చేస్తే, "అక్కా, నేను ముట్టుకున్నది మూడు లైన్లే. మిగిలినవి ఎడిటర్ మార్చినట్టుంది" అన్నది. నిజమే. మా మరిది ఆ ఫైలును ట్యాబులతో రాశాడు, ఆమె ఎడిటర్ వాటిని నాలుగేసి ఖాళీలుగా మార్చింది. ఒంటి కొటేషన్ గుర్తులు జంట గుర్తులయ్యాయి. నేను పైనుంచి కిందికి ఒకసారి చూసి సరేనన్నాను. ఆ 412 లైన్ల మధ్యలో ఒకచోట "8.5 లేదా అంతకన్నా ఎక్కువ" అని ఉండాల్సిన షరతు "8.5 కన్నా ఎక్కువ" అయింది. పోయింది ఒక్క సమాన గుర్తు. ఎస్‌ఎన్‌ఎఫ్ సరిగ్గా 8.5 వచ్చిన పూటలన్నింటికీ కోత పడింది. ఆ పక్షంలో 37 మంది రైతులకు డబ్బు తగ్గింది. తరువాతి బిల్లులో కలిపి ఇచ్చాం. మొత్తం చిన్నదే కావచ్చు, కానీ అది తెల్లవారుజామున లేచి పాలు పితికినవాళ్ల డబ్బు. ఆ మార్పు నా కళ్ల ముందు నుంచే వెళ్లింది. మూడే లైన్లు చూపించి ఉంటే నాకు తప్పక పట్టుబడేది.

అప్పటి నుంచి కోడ్‌ను ఒకే తీరులో సర్దిపెట్టే ఫార్మాటర్ లేకుండా మేము ఏ ప్రాజెక్టూ మొదలుపెట్టడం లేదు. దాన్ని అందం కోసం పెట్టుకోలేదు. అసలు మార్పు కంటికి కనిపించాలని పెట్టుకున్నాం. దాన్ని ఎడిటర్‌లో ఎలా అమర్చాలో, మాకు ఎక్కడెక్కడ దెబ్బ తగిలిందో ఇక్కడ చెబుతాను. కమాండ్లనూ, సెట్టింగుల పేర్లనూ తెలుగు లిపిలో రాస్తున్నాను. మీరు కొట్టేటప్పుడు ఆంగ్ల అక్షరాలలోనే కొట్టాలి.

కోడ్‌లో ఎవరు ఏం మార్చారో నమోదు చేసి చూపే సాధనం గిట్. దాని గురించి ఒక సందేహం ముందే తీర్చాలి. "ఖాళీల తేడాలను చూపించవద్దని గిట్‌కు చెప్పవచ్చు కదా, ఫార్మాటర్ ఎందుకు?" అని చాలామంది అడుగుతారు. గిట్ డిఫ్ కమాండ్‌కు ఒక అడ్డగీత, డబ్ల్యూ అక్షరం చేర్చితే ఖాళీల మార్పులు నిజంగానే దాగిపోతాయి. కానీ కొటేషన్ గుర్తుల మార్పు దాగదు. ఒక లైను రెండుగా విరిగితే అదీ దాగదు. అన్నిటికన్నా ముఖ్యం, పైథాన్‌లో లైను ముందున్న ఖాళీకి అర్థం ఉంది. ఒక లైను నాలుగు ఖాళీలు లోపలికి జరిగితే అది ఇఫ్ కిందికో, ఫర్ కిందికో వెళ్లిపోతుంది, లెక్కే మారిపోతుంది. ఖాళీలను దాచి చూస్తే ఆ మార్పు కూడా కనిపించదు. పైథాన్ రాసేవాళ్లు దానిమీద ఆధారపడకూడదు.

ఫార్మాటర్ చేసే పని ఇది: కోడ్‌ను చదివి, అర్థం చెడకుండా, ఎప్పుడూ ఒకే పద్ధతిలో తిరిగి రాసిపెడుతుంది. ఖాళీలు, లైను ఎక్కడ విరవాలన్నది, కొటేషన్ గుర్తులు, బ్రాకెట్ల అమరిక, ఇంతవరకే దాని పరిధి. మీ వేరియబుల్ పేరు మార్చదు, మీ లెక్క సరిచేయదు. ఒకే కోడ్‌ను ముగ్గురు మూడు రకాలుగా రాసి ఇచ్చినా చివరికి దాదాపు ఒకే రూపంలోకి తెస్తుంది.

పైథాన్‌కు ఇలాంటివి చాలానే ఉన్నాయి. ఆటోపెప్8, యాప్ఫ్, ఈ మధ్య బాగా వేగంగా నడిచే రఫ్. మేము ఎంచుకున్నది బ్లాక్. పైథాన్ భాషను తీర్చిదిద్దేవారిలో ఒకరైన వూకాష్ లాంగా 2018లో దీన్ని విడుదల చేశారు. నలుపు రంగైతే చాలు, కొనేవాళ్లు ఏ రంగైనా కోరుకోవచ్చని హెన్రీ ఫోర్డ్ అన్నట్టు చెప్పుకునే మాట ఈ పేరు వెనుక ఉంది. అంటే ఇందులో మన ఇష్టానికి మార్చుకునే సెట్టింగులు చాలా తక్కువ. నాకు నచ్చింది అదే. మా ముగ్గురికీ బ్రాకెట్ ఎక్కడ పెట్టాలన్న విషయంలో మూడు అభిప్రాయాలు ఉండేవి. బ్లాక్ వచ్చాక ఆ చర్చకు చోటు లేదు.

ఇంకో కారణం కూడా ఉంది. డబ్బు లెక్కలు కట్టే కోడ్‌ను ఒక యంత్రం తిరగరాస్తానంటే నాకు భయం వేసింది. తిరగరాసిన తర్వాత బ్లాక్ ఒక పని చేస్తుంది. పాత కోడ్‌నూ కొత్త కోడ్‌నూ పైథాన్ ఎలా అర్థం చేసుకుంటుందో ఆ నిర్మాణాన్ని రెండింటికీ కట్టి పోల్చి చూస్తుంది. తేడా వస్తే ఫైలును ముట్టుకోకుండా ఆగిపోతుంది. ఈ తనిఖీని తప్పించే వేగపు పద్ధతి కూడా ఉంది కానీ దాన్ని వాడవద్దు. మిగిలే సమయం ఏమంత కాదు.

ఇక అమరిక. మీ కంప్యూటర్‌లో పైథాన్, విజువల్ స్టూడియో కోడ్ (వీఎస్ కోడ్) అనే ఎడిటర్ ఉన్నాయనుకుంటాను. ముందుగా కంట్రోల్, షిఫ్ట్, ఎక్స్ కలిపి నొక్కితే ఎడమవైపు ఎక్స్‌టెన్షన్ల, అంటే ఎడిటర్‌కు చేర్చుకునే అదనపు సాధనాల జాబితా తెరుచుకుంటుంది. అక్కడ బ్లాక్ ఫార్మాటర్ అని వెతకండి. ఒకే రకం పేర్లతో ఒకటికి మించి కనిపించవచ్చు. ప్రచురించినది మైక్రోసాఫ్ట్ అని రాసి ఉన్నదాన్ని ఎంచుకోండి. మైక్రోసాఫ్ట్ వారి పైథాన్ ఎక్స్‌టెన్షన్ కూడా ఉండాలి. పాత పాఠాలు కొన్నింటిలో "పైథాన్ ఫార్మాటింగ్ ప్రొవైడర్" అనే సెట్టింగులో బ్లాక్ అని పెట్టమని రాసి ఉంటుంది. ఆ పద్ధతిని పైథాన్ ఎక్స్‌టెన్షన్ నుంచి తీసేశారు. ఆ సెట్టింగుతో కాలం వృథా చేసుకోకండి.

ఇప్పుడు ప్రాజెక్టు ఫోల్డరును తెరవండి. విడిగా ఒక ఫైలును కాదు, ఫైల్ మెనూలోని ఓపెన్ ఫోల్డర్ ద్వారా మొత్తం ఫోల్డరును. దీన్ని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. మనం పెట్టబోయే సెట్టింగులు ఆ ఫోల్డరులోనే ఉంటాయి. ఫైలును ఒంటరిగా తెరిస్తే ఎడిటర్‌కు అవి కనిపించవు. అన్నీ సరిగ్గా పెట్టినా ఫార్మాటర్ పలకడం లేదని ఫిర్యాదు వస్తే నేను మొదట అడిగేది ఫోల్డరు తెరిచారా అనే.

కంట్రోల్, కామా నొక్కితే సెట్టింగులు వస్తాయి. పైన యూజర్, వర్క్‌స్పేస్ అని రెండు భాగాలు కనిపిస్తాయి. యూజర్‌లో పెట్టింది మీ కంప్యూటర్‌లోని అన్ని ప్రాజెక్టులకూ వర్తిస్తుంది. వర్క్‌స్పేస్‌లో పెట్టింది ఈ ఒక్క ఫోల్డరుకు వర్తిస్తుంది, ఫోల్డరుతో పాటు గిట్‌లో మిగతావాళ్లకూ చేరుతుంది. వర్క్‌స్పేస్‌ను ఎంచుకోండి. యూజర్‌లో పెట్టుకుంటే ఏమవుతుందో మేము మొదటి వారంలోనే చూశాం. నా కంప్యూటర్‌లో అంతా సర్దుకుంటోంది, హనుమకొండలో ఏమీ కదలడం లేదు. మళ్లీ పాత కథే.

వర్క్‌స్పేస్ భాగంలో వెతికేచోట యాట్ గుర్తు, లాంగ్, కోలన్, పైథాన్ అని ఖాళీలు లేకుండా కొట్టండి. దాంతో అక్కడ పెట్టేవి పైథాన్ ఫైళ్లకే పరిమితమవుతాయి. దాని పక్కనే ఒక ఖాళీ వదిలి డిఫాల్ట్ ఫార్మాటర్ అని కొట్టండి. ఎడిటర్ డిఫాల్ట్ ఫార్మాటర్ అనే వరుస వస్తుంది. అందులోని జాబితా నుంచి బ్లాక్ ఫార్మాటర్‌ను ఎంచుకోండి. తరువాత డిఫాల్ట్ ఫార్మాటర్ అన్న మాటల బదులు ఫార్మాట్ ఆన్ సేవ్ అని వెతికి, దాని ముందున్న గడిలో టిక్కు పెట్టండి. దాని కిందే ఫార్మాట్ ఆన్ సేవ్ మోడ్ అని ఒకటి ఉంటుంది. అది ఫైల్ అని ఉంటుంది, అలాగే ఉండనివ్వండి.

అంతే. ఏదైనా పైథాన్ ఫైలు తెరిచి, కావాలని ఒక సమాన గుర్తుకు అటూ ఇటూ ఉన్న ఖాళీలు తీసేసి, కంట్రోల్, ఎస్ నొక్కండి. ఖాళీలు తిరిగి వచ్చి కూర్చుంటే అమరిక కుదిరినట్టే. ఫోల్డరులో డాట్ వీఎస్‌కోడ్ అనే చిన్న ఫోల్డరు కొత్తగా కనిపిస్తుంది. లోపల సెట్టింగ్స్ డాట్ జేసన్ అనే ఫైలు ఉంటుంది. దాన్ని గిట్‌లో కమిట్ చేయండి, అంటే నమోదు చేయండి. కొందరు ఈ ఫోల్డరును గిట్ పట్టించుకోని జాబితాలో అలవాటుగా పెట్టేస్తారు. పెట్టి ఉంటే కనీసం ఆ ఒక్క ఫైలునైనా బయటికి తీయండి.

సేవ్ చేసేటప్పుడు కాక విడిగా ఒక్కసారి సర్దించాలంటే విండోస్‌లో షిఫ్ట్, ఆల్ట్, ఎఫ్. లినక్స్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఐ. మ్యాక్‌లో షిఫ్ట్, ఆప్షన్, ఎఫ్. సర్దకుండా సేవ్ చేయాల్సిన అవసరం ఎప్పుడైనా వస్తే కంట్రోల్, షిఫ్ట్, పీ నొక్కి సేవ్ వితౌట్ ఫార్మాటింగ్ అని వెతికితే ఆ కమాండ్ దొరుకుతుంది.

మా మరిదికి ఇవన్నీ ఫోనులోనే చెప్పి చేయించాను. అయినా వారం తర్వాత అతని నుంచి వచ్చిన ఫైళ్లు సర్దకుండానే వచ్చాయి. "వదినా, నేను అన్నీ మీరు చెప్పినట్టే పెట్టాను, చూడండి" అంటూ తెర చూపించాడు. నిజంగానే అన్నీ సరిగ్గా ఉన్నాయి. చాలాసేపు వెతికాక దొరికింది. అతను ఆటో సేవ్ పెట్టుకున్నాడు, అదీ కొద్ది క్షణాల తర్వాత తనంతట తానే సేవ్ అయ్యే ఆఫ్టర్ డిలే రకం. ఆ రకంగా సేవ్ అయినప్పుడు వీఎస్ కోడ్ ఫార్మాటర్‌ను పిలవదు. మనం టైపు చేస్తూ ఉండగా కర్సర్ కింద లైన్లు కదిలిపోకూడదని అలా ఉంచారు, అది సబబే. మీరు చేత్తో కంట్రోల్, ఎస్ నొక్కితేనే ఫార్మాటర్ నడుస్తుంది. ఫైల్ మెనూలో ఆటో సేవ్ తీసేయడమో, పని ముగించే ముందు చేత్తో సేవ్ చేసే అలవాటో, రెండింటిలో ఒకటి ఎంచుకోవాలి. మా మరిది ఆటో సేవ్ తీసేశాడు.

సేవ్ నొక్కినా లైన్లు కదలకపోవడానికి ఇంకో కారణం కోడ్‌లోనే తప్పు ఉండటం. మూయని బ్రాకెట్, మరిచిపోయిన కోలన్, ట్యాబులూ ఖాళీలూ కలిసిపోయిన కోడ్ భాగం. ఇలాంటివి ఉంటే బ్లాక్ ఫైలును చదవలేక వదిలేస్తుంది. ఫైలు సేవ్ అవుతుంది, సర్దుబాటు మాత్రం జరగదు. కొత్తగా పైథాన్ నేర్చుకుంటున్నవాళ్లు ఇండెంటేషన్ (లైను ముందున్న ఖాళీల) తప్పులను ఫార్మాటర్ దిద్దుతుందని ఆశపడతారు. దిద్దలేదు. ఆ లైను ఇఫ్ లోపల ఉండాలో బయట ఉండాలో రాసినవాళ్లకే తెలుసు. అది ఊహించి జరిపితే మన లెక్కను అది రాసినట్టు అవుతుంది. వ్యూ మెనూలో అవుట్‌పుట్ తెరిచి, కుడివైపు జాబితాలో బ్లాక్ ఫార్మాటర్‌ను ఎంచుకుంటే ఏ లైను దగ్గర ఆగిందో రాసి ఉంటుంది. ఇది నాకు ఎంతో ఉపయోగపడుతోంది. ప్రోగ్రామ్ నడిపి చూడకముందే, సేవ్ నొక్కినప్పుడు కోడ్ కదలలేదంటే ఎక్కడో బ్రాకెట్ తెరిచి ఉందని అర్థమవుతుంది.

ఒకే కంప్యూటర్‌లో రెండు ఫార్మాటర్లు ఉంటే డిఫాల్ట్‌గా పెట్టుకున్నదే నడుస్తుంది. అందుకే ఆ వరుసను ఖాళీగా వదలవద్దు.

ఇప్పుడు వెర్షన్ సంగతి. ఇది చాలామంది దాటేసే చోటు. మీరు పెట్టుకున్న ఎక్స్‌టెన్షన్ తనతో పాటు ఒక బ్లాక్‌ను మోసుకొస్తుంది. కమాండ్లు కొట్టే టెర్మినల్‌లో, పైథాన్ సాధనాలను ఇన్‌స్టాల్ చేసే పిప్ ద్వారా మీరు పెట్టుకున్న బ్లాక్ వేరు. రెండింటి వెర్షన్లు వేరైతే ఎడిటర్ ఒకలా, టెర్మినల్ ఒకలా సర్దుతాయి. ఒకే ఫైలు రోజూ అటూ ఇటూ ఊగుతుంది. బ్లాక్ తన పద్ధతిలో మార్పులను ఏడాదికోసారి, జనవరిలో వచ్చే వెర్షన్‌లో విడుదల చేస్తుంది. ముగ్గురి దగ్గర మూడేళ్ల వెర్షన్లు ఉంటే మొదట చెప్పిన 412 లైన్లు ఈసారి ఫార్మాటర్ పేరుతోనే వస్తాయి.

దీనికి మేము చేసింది ఇది. ప్రాజెక్టుకు ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, అంటే ఆ ప్రాజెక్టుకే విడిగా ఉండే పైథాన్ సాధనాల సెట్టు పెట్టాం. ప్రాజెక్టుకు ఏవేవి కావాలో రాసుకునే రిక్వైర్‌మెంట్స్ ఫైలులో బ్లాక్ పేరు, జంట సమాన గుర్తు, మేము వాడే వెర్షన్ అంకె రాశాం. ముగ్గురమూ దాని నుంచే ఇన్‌స్టాల్ చేసుకుంటాం. ఎడిటర్‌లో కింద కుడిమూల పైథాన్ వెర్షన్ కనిపించేచోట నొక్కి ఆ ఎన్విరాన్‌మెంట్‌ను ఎంచుకున్నాం. తరువాత వర్క్‌స్పేస్ సెట్టింగులలో ఇంపోర్ట్ స్ట్రాటజీ అని వెతికితే బ్లాక్ ఫార్మాటర్ కింద ఒక వరుస వస్తుంది. అది మామూలుగా యూజ్ బండిల్డ్ అని ఉంటుంది, అంటే ఎక్స్‌టెన్షన్ తెచ్చుకున్న బ్లాక్‌నే వాడుతుందని. దాన్ని ఫ్రమ్ ఎన్విరాన్‌మెంట్ అని మార్చాం. ఇక ఎడిటర్, టెర్మినల్ రెండూ ఒకే బ్లాక్‌ను పిలుస్తాయి.

ప్రాజెక్టు ఫోల్డరులో పైప్రాజెక్ట్ డాట్ టామల్ (టీ, ఓ, ఎం, ఎల్) అనే ఫైలు కూడా పెట్టుకోండి. అందులో చదరపు బ్రాకెట్ల మధ్య టూల్ డాట్ బ్లాక్ అని ఒక లైను. దాని కింద రిక్వైర్డ్, అడ్డగీత, వెర్షన్ అని రాసి, సమాన గుర్తు పెట్టి, కొటేషన్ గుర్తుల మధ్య వెర్షన్ అంకె. వేరే వెర్షన్ ఉన్న కంప్యూటర్‌లో బ్లాక్ పనిచేయడానికి నిరాకరిస్తుంది. తప్పుగా సర్దడం కన్నా అదే మేలు.

లైను పొడవు మార్చుకోవాలన్నా ఈ ఫైలులోనే, లైన్, అడ్డగీత, లెంగ్త్ అని రాసి మార్చాలి. బ్లాక్ మామూలుగా 88 అక్షరాల దగ్గర విరుస్తుంది. పైథాన్ వాళ్ల శైలి నియమావళి పెప్ 8 చెప్పేది 79. 2001లో వచ్చిన ఆ నియమానికి వెనుక 80 నిలువు వరుసల తెరలు ఉన్నాయి, వాటికి వెనుక 1928లో ఐబీఎం తెచ్చిన 80 వరుసల పంచ్ కార్డు ఉంది. మా మరిది 120 కావాలన్నాడు. నేను ల్యాప్‌టాప్ తెర మీద పాత ఫైలునూ కొత్త ఫైలునూ పక్కపక్కన పెట్టుకుని చదువుతాను. 120 అయితే సగం లైను తెర బయట ఉంటుంది. కనిపించని సగంలోనే సమాన గుర్తు పోతుంది. 88నే ఉంచాం.

కామా గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే మొత్తం బ్లాక్‌లో నాకు బాగా పనికొచ్చింది ఇదే. మా రేట్లలో ఫ్యాటు స్థాయిల జాబితా ఒకటి ఉంది. జాబితా చివరి అంశం తర్వాత కూడా మీరు కామా పెడితే, ఒక్కో అంశం ఒక్కో లైనులో ఉండాలని మీరు కోరుతున్నట్టు బ్లాక్ తీసుకుంటుంది. జాబితా చిన్నదైనా సరే, విడివిడి లైన్లలోనే ఉంచుతుంది. కామా లేకపోతే, 88లో పట్టేంత చిన్నదైతే అంతా ఒకే లైనులోకి లాగుతుంది. అన్నీ ఒకే లైనులో ఉన్నప్పుడు కొత్త స్థాయిని చేర్చితే లైను మొత్తం మారినట్టు కనిపిస్తుంది. అందులో పాత అంకె ఏదైనా పొరపాటున మారిందా అని కళ్లు చించుకుని చూడాలి. విడి లైన్లలో ఉంటే చేర్చిన ఆ ఒక్క లైనే ఆకుపచ్చగా కనిపిస్తుంది. డబ్బుతో సంబంధం ఉన్న ప్రతి జాబితాకూ చివరి కామా పెట్టడం మా ముగ్గురికీ ఇప్పుడు నియమం.

సర్దకూడని కోడ్ కూడా ఉంటుంది. మా రేటు పట్టిక ఫ్యాటు 5.0 నుంచి 10.0 వరకు 51 అడ్డు వరుసలు. అంకెలన్నీ ఒకదాని కింద ఒకటి నిలువుగా వచ్చేలా ఖాళీలు పెట్టి రాశాం. సంఘం గుమాస్తా గారు తన దగ్గరున్న అచ్చు పట్టికను పక్కన పెట్టుకుని, వేలు పెట్టి వరుస వరుసా సరిచూస్తారు. బ్లాక్ ఆ అదనపు ఖాళీలన్నీ తీసేసి పట్టికను ముద్ద చేసింది. అలాంటి చోట పట్టికకు పైన హ్యాష్ గుర్తు, ఖాళీ, ఎఫ్ఎమ్‌టీ, కోలన్, ఖాళీ, ఆఫ్ అని ఒక లైను రాయండి. పట్టిక ముగిశాక అదే లైను ఆఫ్ బదులు ఆన్ అని రాయండి. ఆ రెండింటి మధ్యనున్నది బ్లాక్ ముట్టుకోదు. మొత్తం ప్రోగ్రామ్‌లో మాకు ఇలాంటివి రెండే ఉన్నాయి. మూడోది పెట్టాలనిపిస్తే ముందు మాట్లాడుకుందాం అనుకున్నాం. ఒకరి అలవాటును కాపాడుకోవడానికి దీన్ని వాడటం మొదలైతే ఫార్మాటర్ ఉన్నా లేనట్టే.

తెలుగు గురించి కూడా చాలామంది అడిగారు. మా చీటీల మీద రైతు పేరు, ఊరు, తేదీ, లీటర్లు అన్న శీర్షికలన్నీ తెలుగులోనే అచ్చవుతాయి. కొటేషన్ గుర్తుల మధ్య ఉన్న తెలుగును బ్లాక్ కదిలించదు. పొల్లు తర్వాత అక్షరాలు కలిసిపోకుండా మనం పెట్టే కంటికి కనిపించని గుర్తులు కూడా అలాగే ఉంటాయి. బయటి కొటేషన్ గుర్తులు మాత్రం ఒంటివైతే జంటవి అవుతాయి. పొడవైన తెలుగు సందేశం 88 దాటినా దాన్ని విరవదు, దాటనిస్తుంది. విరవాలనుకుంటే మీరే గుండ్రటి బ్రాకెట్లలో పెట్టి, రెండు ముక్కలుగా రెండు లైన్లలో రాయండి. పైథాన్ వాటిని కలుపుకుంటుంది. తెలుగులో రాసిన వ్యాఖ్యలకు హ్యాష్ గుర్తు తర్వాత ఖాళీ లేకపోతే ఒక ఖాళీ చేరుస్తుంది, అంతకుమించి మాటలను మార్చదు.

ఇంతవరకు కొత్త ప్రాజెక్టుకు సరిపోతుంది. పాత ప్రాజెక్టుకు పెడుతున్నట్టయితే మొదటి రోజు జాగ్రత్తగా ఉండాలి. ఎందుకంటే ఆ రోజు ఒక్కసారికి మాత్రం అన్ని ఫైళ్లూ మారతాయి. ఎవరి దగ్గరైనా సగంలో ఉన్న పని ఉంటే ముందు దాన్ని పూర్తిచేసి కలిపేయండి, లేకపోతే తర్వాత కలిపేటప్పుడు ప్రతి లైనూ గొడవ పడుతుంది. మేము బిల్లులు అయిపోయిన మర్నాడు, ఆదివారం పెట్టుకున్నాం. ముందుగా గత పక్షం బిల్లులను పాత కోడ్‌తో మరోసారి వేసి పక్కన పెట్టాను. తర్వాత టెర్మినల్‌లో బ్లాక్, ఖాళీ, చుక్క అని కొట్టాను. చుక్క అంటే ఈ ఫోల్డరంతా అని అర్థం. కొత్త కోడ్‌తో అవే బిల్లులు మళ్లీ వేశాను. రెండు ఫైళ్లనూ పోల్చితే పైసా తేడా లేదు. బ్లాక్ తన తనిఖీ తాను చేసుకుంటుంది, అయినా రైతుల డబ్బు కాబట్టి నా తనిఖీ నేను చేసుకున్నాను. మీరూ చేసుకోండి.

ఆ మార్పును ఒకే ఒక కమిట్‌గా ఉంచండి. అందులో ఇంకే మార్పూ, ఒక్క అక్షరమైనా కలపవద్దు. ఆ కమిట్ గురించి ఎవరైనా ఎప్పుడైనా అడిగితే, సర్దుబాటు తప్ప ఇందులో ఏమీ లేదని మీరు నిశ్చయంగా చెప్పగలగాలి.

దీనివల్ల ఒక నష్టం కనిపిస్తుంది. ఏ లైను ఎవరు ఎప్పుడు రాశారో చూపే గిట్ బ్లేమ్‌లో ఇకపై చాలా లైన్లకు ఆ ఆదివారం తేదీ, నా పేరు వస్తాయి. అసలు రాసినవాళ్లు దాని వెనుక మరుగవుతారు. 2019లో వచ్చిన గిట్ 2.23 నుంచి దీనికి మార్గం ఉంది. ఫోల్డరులో ఒక ఫైలు తెరిచి, ఆ కమిట్ సంఖ్యను పూర్తిగా, 40 అక్షరాలూ, ఒక లైనులో రాయండి. కుదించిన ఏడక్షరాల సంఖ్య పనికిరాదు. ఫైలు పేరు చుక్కతో మొదలుపెట్టి గిట్, బ్లేమ్, ఇగ్నోర్, రెవ్స్ అనే మాటల మధ్య అడ్డగీతలతో ఉండాలి. గిట్‌హబ్ కూడా ఆ పేరుతో ఉన్న ఫైలును గుర్తిస్తుంది. మీ కంప్యూటర్‌లో గిట్ కాన్ఫిగ్ కమాండ్‌తో, బ్లేమ్ డాట్ ఇగ్నోర్‌రెవ్స్‌ఫైల్ అనే సెట్టింగుకు ఆ ఫైలు పేరు ఇవ్వండి. ఇది ప్రతి ఒక్కరూ తమ తమ కంప్యూటర్‌లో ఒకసారి చేసుకోవాలి. ఆ తర్వాత గిట్ బ్లేమ్ ఆ కమిట్‌ను దాటుకుని వెనక్కి వెళ్లి అసలు రాసినవాళ్లను చూపిస్తుంది.

ఎడిటర్‌లో ఎవరైనా సర్దకుండా పంపితే పట్టుకోవడానికి టెర్మినల్‌లో బ్లాక్ కమాండ్‌కు రెండు అడ్డగీతలు, చెక్ అని చేర్చవచ్చు. అది ఏ ఫైలునూ మార్చదు, సర్దని ఫైళ్ల పేర్లు మాత్రం చెబుతుంది. ప్రీకమిట్ అనే సాధనంతో దీన్ని ప్రతి కమిట్‌కు ముందు దానంతట అదే నడిచేలా పెట్టవచ్చు. మేము పెట్టాం. నలుగురికి మించి పనిచేసేచోట తప్పనిసరి అని నా అభిప్రాయం.

పైచార్మ్ వాడేవాళ్లకు సెట్టింగులలో టూల్స్ కింద బ్లాక్ ఉంటుంది, అక్కడ ఆన్ సేవ్ ఎంచుకుంటే చాలు. జావాస్క్రిప్ట్ రాసేవాళ్లకు ప్రెట్టియర్ ఉంది, వీఎస్ కోడ్‌లో మెట్లు ఇవే, ఫార్మాటర్ పేరు మారుతుంది. గో భాషకైతే గోఎఫ్ఎమ్‌టీ భాషతో పాటే వస్తుంది, విడిగా వెతకనక్కరలేదు.

జనవరిలో బ్లాక్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడు ఒక్కరే దాన్ని మార్చాలి. మాలో ఆ పని నాది. బిల్లులు అయిపోయిన మర్నాడు రిక్వైర్‌మెంట్స్ ఫైలులో, టామల్ ఫైలులో అంకె మార్చి ఒక కమిట్. ఫోల్డరంతా సర్ది మరో కమిట్. పాత బిల్లులు వేసి పోల్చుకోవడం. రెండో కమిట్ సంఖ్యను బ్లేమ్ ఫైలులో ఇంకో లైనుగా చేర్చడం. ఆ తర్వాత గుంటూరుకూ హనుమకొండకూ ఫోను చేసి, ముందు కొత్త కోడ్ తెచ్చుకుని, పిప్‌తో మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకున్నాకే ఫైళ్లు తెరవమని చెబుతాను.